ఒక్క పాటతో లెక్క తేల్చేస్తారా?

అమెరికన్ రాక్ బ్యాండు ఓజార్క్ మౌంటెన్ డేర్‌డెవిల్స్ పేరెత్తితే చాలు, 'ఓహో, ఆ జాకీ బ్లూ వాళ్లా' అనేస్తారు. అక్కడితో మాట ముగిసిపోతుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆ బ్యాండును ఆ ఒక్క పాటతో కొలవడమంటే, చుట్టపుచూపుగా వచ్చిన మనిషిని చూసి ఇంటిల్లిపాదీ ఇంతేనని తీర్పు చెప్పడమే.

1975లో 'జాకీ బ్లూ' అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో 3వ స్థానం దాకా వెళ్లింది. పాడింది డ్రమ్మర్ లారీ లీ. మెత్తని గొంతు, నున్నగా జారిపోయే బాణీ, రేడియోకు అచ్చంగా సరిపోయే పాట. బాగుండదని నేననను. కానీ మిస్సోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1970ల మొదట్లో కూడిన ఆ బృందం ఓజార్క్ కొండల జానపదాన్ని, కంట్రీని, బ్లూస్‌ను రాక్‌లో కలిపి వాయించింది. పాటలు రాసేవాళ్లూ పాడేవాళ్లూ అందులో ఒకరిద్దరు కాదు. అంతకు ముందు ఏడాది వచ్చిన 'ఇఫ్ యూ వాన్నా గెట్ టు హెవెన్' విని చూడండి. స్టీవ్ క్యాష్ హార్మోనికా మొదలయ్యాక, ఇదీ అదీ ఒకే బృందం పాటలంటే నమ్మబుద్ధి కాదు. అదీ 25వ స్థానానికి చేరింది. మరి 'ఒక్క హిట్టు బ్యాండు' అనే ముద్ర లెక్కల్లోనైనా నిలుస్తుందా?

తమాషా ఏమిటంటే, 'జాకీ బ్లూ' లాంటి నాజూకు పాట ఉన్న రెండో ఆల్బమ్‌లో ఎక్కువ భాగం రికార్డయింది మిస్సోరీలోనే, ఒక పల్లెటూరి ఇంట్లో. మొదటి ఆల్బమ్‌ను లండన్‌లో చేయించిన నిర్మాత గ్లిన్ జాన్స్ ఈసారి తానే వాళ్ల దగ్గరికి వచ్చారు. మగవాడి గురించి రాసుకున్న ఆ పాటను ఆడపిల్ల గురించిన పాటగా మార్చమన్నదీ ఆయనే. ఆయన చెవి గొప్పది, కాదనను. ఆ తర్వాతే చిక్కొచ్చింది. రికార్డుల కంపెనీకి మరో జాకీ బ్లూ కావాలి, బ్యాండు కాలిఫోర్నియాకు మకాం మార్చాలి. వాళ్లు రెండింటికీ ఒప్పుకోలేదు.

దీన్ని చేతకానితనమనేవాళ్లతోనే నా గొడవ. ఊరు వదిలేస్తే ఆ సంగీతం ఎక్కడి నుంచి వస్తుంది? మాండలిన్, ఫిడేల్ పట్టుకుని పాడిన ఆ పాటల్లో కొండల యాస ఉంది, పక్కవాణ్ని ఆటపట్టించే వెటకారం ఉంది. నగరంలో నాలుగేళ్లుంటే ఆ యాస అరిగిపోయేదని నా నమ్మకం. మూల్యం మాత్రం గట్టిగానే చెల్లించారు. 1976లో బృందంలో పాడుతూ గిటార్ వాయించే రాండల్ చౌనింగ్ వెళ్లిపోయారు. పియానో వాయించే బడ్డీ బ్రేఫీల్డ్ వైద్యం చదవడానికి బయటికి నడిచారు. దశాబ్దం చివరి ఆల్బమ్‌లలో పట్టు సడలింది, అభిమానినైనా ఆ మాట ఒప్పుకుంటాను. అయినా పేరు చెరిగిపోలేదు. మనుషులు మారుతూ వచ్చినా మొదటి నుంచీ ఉన్న జాన్ డిల్లన్, బాస్ గిటార్ వాయించే సూప్ గ్రాండా దశాబ్దాల తరబడి ఆ బృందాన్ని వేదికల మీద నిలబెట్టారు. స్టీవ్ క్యాష్ అయితే నవలలు కూడా రాశారు!

వినాలనుకుంటే 1973 నాటి మొదటి ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. అట్ట మీద బొంత బొమ్మ ఉంటుంది, అభిమానులు దాన్ని బొంత ఆల్బమ్ అనే పిలుస్తారు. ఆ తర్వాత రెండోది పెట్టుకోండి, జాకీ బ్లూ కోసం మిగతా పాటలు దాటేయకుండా. అప్పుడు వాదనకు రండి.