గోనెసంచి గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ యాభై కిలోల గోనెసంచి గారికి,

ఉభయకుశలోపరి. తమరు ప్రస్తుతం మా బాబాయి రైసు మిల్లులో గోడవారగా దొంతర మీద విశ్రాంతి తీసుకుంటున్నారని తెలిసి రాస్తున్నాను. బియ్యం మోయడంలో తమరిని వేలెత్తి చూపించే ధైర్యం నాకు లేదు. పిల్లుల రవాణా గురించే నాలుగు మాటలు.

మా వీధి చివర పెంకుటింటిని అపార్ట్‌మెంటు కోసం కూలగొట్టడం మొదలెట్టారు. అక్కడే పుట్టి పెరిగిన బూడిదరంగు పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంటుంది. ఇలాంటివాటిని పట్టుకున్న చోటే మళ్లీ వదలాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతాయి. ఆ చోటే పొక్లెయిన్ నోట్లోకి పోతే ఏం చేస్తాం? 6 కిలోమీటర్ల అవతల బాబాయి ఎలుకలతో వేగలేక చస్తున్నాడు. సంబంధం కుదిరింది.

తీసుకెళ్లడం ఎలాగంటే పెద్దలంతా తమరి పేరే చెప్పారు. "గోనెలో వేసి, మూతి పురికొసతో బిగించి, మూడుసార్లు గిర్రున తిప్పి, కాలవ దాటించెయ్. ఇక దారి తెలీదు." చెప్పినట్టే చేశాను. తమరి నేత సందుల్లోంచి వచ్చిన గోళ్లు నా మోచేతి మీద మూడు గీతలు గీశాయి. యాంటీ రేబిస్ ఇంజెక్షన్లకు తిరిగింది నేనే, తమరు కాదు. మిల్లు వాకిట్లో మూతి విప్పగానే బూడిదరంగు చార ఒకటి గోడ దూకింది. పదకొండో రోజున ఆ పిల్లి ఎముకలు తేలి, పెంకుటింటి రాళ్లకుప్ప మీద కూర్చుని కనబడింది. పిల్లల్ని ఏడిళ్లు తిప్పే జాతికి దారి తెలీదని తమరితో ఎవరన్నారండీ?

రెండోసారి తమరిని పిలవలేదు. బోనులో ఎండు మెత్తళ్లు పెట్టి పట్టి, పైన దుప్పటి కప్పి తీసుకెళ్లాం. దించింది వాకిట్లో కాదు, మిల్లులో వాడకుండా పడున్న తూకం గదిలో. కిటికీకి జాలీ ఉంది, అందులోంచి మిల్లు చప్పుడూ వాసనా లోపలికి వస్తాయి. దాక్కోవడానికి ఓ అట్టపెట్టె, దొడ్డికి ఇసుక తొట్టి, దాంట్లో పాత పెరటి మట్టి నాలుగు గుప్పిళ్లు. అది పడుకునే గోనెపట్టా కూడా తెచ్చాం (అవును, తమరి చుట్టమే). ఉతికితే దాని వాసన పోతుందని అలాగే పరిచాం.

మొదటి రెండు రోజులు పెట్టెలోంచి కళ్లు తప్ప ఏమీ కనబడలేదు. రాత్రి పెట్టింది తెల్లారేసరికి సగం ఖాళీ అయ్యేది, అదే మాకు శుభవార్త. చెయ్యి పెట్టి బయటికి లాగే పని మాత్రం పెట్టుకోలేదు. రోజూ ఒకే వేళకి, స్టీలు కంచం మీద గరిటెతో టంగుమనిపించి అన్నం, చేప కలిపి పెట్టడమే. బాబాయి గిన్నెడు పాలు తెచ్చాడు. పెద్ద పిల్లులకి చాలావాటికి పాలు అరగవని, విరేచనాలు పట్టుకుంటాయని చెబితే నమ్మలేదు. ఒకరోజు పోశాడు. ఆ రోజు ఇసుక మార్చింది కూడా ఆయనే. "కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు చెయ్యలేదురా," అన్నాడు ముక్కు మూసుకుని.

నాలుగో వారంలో, దీపావళి టపాకాయల గోల సద్దుమణిగాక, ఒకరోజు పొద్దున దానికి తిండి పెట్టకుండా ఆపి, సాయంత్రం తలుపు తీసి పక్కకి తప్పుకున్నాం. గడప దగ్గర చాలాసేపు ముక్కు ఎగబీల్చి, బయటికి పోయింది. బాబాయికి నాకంటే ఎక్కువ టెన్షన్. చీకటి పడ్డాక కంచం టంగుమంది. ఊక కుప్ప వెనక నుంచి, తోక నిలబెట్టుకుని వచ్చింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే తమరి దొంతర ఎక్కి, ఒళ్లు విరుచుకుని, రెండు ముందు కాళ్లతో తమరినే బరబరా గీరుతోంది. తమరికి పడ్డ చిల్లుల్ని బాబాయి దబ్బనంతో కుడుతున్నాడు. పురికొస మాత్రం అదే.

ఇట్లు,
మోచేతి మీద మూడు గీతలవాడు