సైంధవ లవణంలోనూ సోడియమే ఉంది

“ఉప్పు తెల్ల విషం. సోడియం నీళ్లలో పడితే పేలుతుంది, క్లోరిన్ యుద్ధంలో జనాన్ని చంపిన గ్యాస్. కంపెనీలు ఈ రెండూ కలిపి మనకు తినిపిస్తున్నాయి. సైంధవ లవణంలో సోడియం ఉండదు, 84 ఖనిజాలుంటాయి, బీపీ ఉన్నవాళ్లు ఎంతైనా వాడొచ్చు.” మా ఫ్యామిలీ గ్రూపులో ఇది మళ్లీ వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లాడు “నిజమేనా?” అని అడిగాడు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

సోడియం పేలే మాట నిజం. 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వదిలిన మాటా నిజం. కానీ ఉప్పులో ఉన్నవి ఆ రూపంలో లేవు. సోడియం చివరి కక్ష్యలో ఉన్నది ఒకే ఎలక్ట్రాన్, అది తేలిగ్గా ఊడొస్తుంది. క్లోరిన్‌కు చివరి కక్ష్యలో ఏడున్నాయి, ఇంకొకటి కావాలి. ఆ ఒక్కటి చేతులు మారగానే సోడియం ధనావేశంతో, క్లోరిన్ రుణావేశంతో (అప్పుడు దాన్ని క్లోరైడ్ అంటారు) అయాన్లవుతాయి, అంటే ఆవేశమున్న పరమాణువులవుతాయి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అదే అయానిక బంధం. ఉప్పు పలుకులో ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లుంటాయి. ఆ పలుకు కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. నీళ్లలో వేస్తే అయాన్లు విడిపోతాయి గానీ, పోయిన ఎలక్ట్రాన్ సోడియం దగ్గరికి తిరిగి రాదు. మరుగుతున్న చారులో ఉప్పు వేసినా ఏదీ పేలనిది అందుకే.

కంపెనీలు కలపడమేంటి? చినగంజాం ఉప్పు మడుల్లో ఎవరూ సోడియం ముక్క తెచ్చి క్లోరిన్‌లో పెట్టరు. సముద్రపు నీటిలో ఆ అయాన్లు ముందే ఉన్నాయి. ఎండకు నీరు ఇగిరితే పలుకు కడతాయి. 84 ఖనిజాలంటారా, చిటికెడు ఉప్పులో వాటి మోతాదు లెక్కలోకే రాదు.

నాకు కోపం తెప్పించేది ఆ మెసేజ్‌లో సైంధవంలో సోడియం ఉండదని, బీపీ ఉన్నవాళ్లు ఎంతైనా వాడొచ్చని అన్న మాట. పాకిస్తాన్‌లోని ఖేవ్‌రా గనిలో తవ్వే సైంధవపు రాయి కూడా దాదాపు అంతా సోడియం క్లోరైడే, ఎప్పుడో ఎండిన సముద్రం మిగిల్చింది. అందులో బరువు ప్రకారం 39 శాతం సోడియం. సోడియం లేని సోడియం క్లోరైడ్ ఎక్కడుంటుందండీ? రాయిగా తవ్వితే సోడియం ఎటు పోతుంది? మన గ్రూపులోనే బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లున్నారు. “ఎంతైనా” అని వాళ్లకు పంపడానికి చెయ్యెలా వచ్చింది? పైగా అయోడిన్ కలపని రకం తెచ్చి ఇల్లంతా అదే వాడితే, గర్భిణికి అయోడిన్ చాలక బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతినొచ్చు.

ఉప్పు తగ్గించమనడం మాత్రం ఒప్పుకుంటాను. రోజుకు 5 గ్రాములకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయ, అప్పడాలతో కలిపి మనలో చాలామంది ఆ గీత దాటేస్తున్నారు. ఆ 5 గ్రాముల్లో సైంధవాన్నీ కలిపే లెక్కపెట్టండి.