మేస్త్రి తాడు, మా అమ్మాయి ఫార్ములా

పోయిన నెల మా పెరట్లో వంటగదికి పునాది ముగ్గు వేశారు. తాపీ మేస్త్రి ఒక పక్క మూడడుగులు, ఇంకో పక్క నాలుగు కొలిచి, ఐమూలకి ఐదు వచ్చేదాకా తాడు జరిపి "ఆయ్, మూల కలిసిందండి" అన్నాడు. పక్కనే ఉన్న మా అమ్మాయి, పదో తరగతి సీబీఎస్ఈ, "పైథాగరస్ కదా నాన్నా" అంది. మురిసిపోయి, ఎందుకలా అవుతుందే అని అడిగాను.

"ప్రూఫ్ తీసేశారు నాన్నా."

పుస్తకం తెప్పించి చూస్తే నిజమే. 2022లో ఈ పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ భారం తగ్గిస్తున్నామని పదో తరగతి లెక్కల్లోంచి పైథాగరస్ నిరూపణ తీసేసింది, నిర్మాణాల చాప్టరు మొత్తం ఎత్తేసింది, వర్గ సమీకరణాల్లో వర్గాన్ని పూర్తి చేసే పద్ధతి తీసేసి ఫార్ములా మాత్రం ఉంచింది. ఆ ఫార్ములా పుట్టిందే ఆ పద్ధతిలోంచండీ! బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో తెలీకుండా మా పిల్ల గడగడా అప్పజెబుతుంది. కరోనాలో పిల్లలు నలిగారు, కాదనను. కానీ తగ్గించడానికి దొరికింది "ఎందుకు" అన్న ముక్కేనా?

స్కూల్లో సార్‌ని అడిగితే, పాపం ఆయనకి సిలబస్ తరుముతోంది, "పరీక్షకి రాదండి, కావాలంటే ఫౌండేషన్ కోచింగ్‌లో వేయండి" అన్నారు. వేశాం. ఇటుకంత మెటీరియల్, వారం వారం బిట్లు. ఆప్షన్లు ఒక్కోటీ సమీకరణంలో పెట్టి చూసి, సరిపోయింది టిక్ చేయడం. నిరూపణ అందులోనూ లేదు! కోనసీమలో కొబ్బరి రేటు ఎలా ఉన్నా ఈ ఫీజు మాత్రం కట్టేస్తాం, లెక్క ఎంత మెలిక పడితే అంత గట్టి చదువు అనుకుంటాం. నేనూ అనుకున్నవాణ్ణే.

లెక్కలంటే భయపడే పిల్లలకి 2020 పరీక్షల నుంచి సీబీఎస్ఈ బేసిక్ అని తేలిక పేపర్ పెట్టింది, మంచిదే. మామూలు పేపర్, అంటే స్టాండర్డ్, రాసే పిల్లకైనా కారణం చెప్పొద్దా?

ఆ రాత్రి నా తెలుగు మీడియం చదువు గుర్తు చేసుకుని కాగితం మీద లంబకోణ త్రిభుజం గీశాను. లంబకోణం నుంచి కర్ణం మీదకి లంబం దింపితే వచ్చే రెండు చిన్న త్రిభుజాలూ పెద్దదానికి సరూపాలు, అంటే సైజు వేరైనా ఆకారం అదే. అక్కణ్ణుంచి నిష్పత్తులు తనే రాసింది. నాకు మధ్యలో ఓ అక్షరం తప్పుపడితే దిద్దింది కూడా. ఇరవై నిమిషాలు పట్టింది.

అంతా అయ్యాక పెన్ను నోట్లో పెట్టుకుని కాసేపు చూసి, "నాన్నా, మేస్త్రి చేసింది ఇది కాదుగా. ఆయన కొలతలు పెట్టి లంబకోణం తెచ్చాడు, మనం లంబకోణం పెట్టుకుని కొలతలు తెచ్చాం. అది వేరే నిరూపించాలి కదా?" అంది.

రేపు చూద్దాం పడుకోవే అన్నాను. నాకు గుర్తులేదు మరి.