అమెరికాలో మనవాళ్లు గన్ కొనడానికి చెప్పే కారణాలు, ఆ కారణాల్లోకి రాని సంగతులు

ఇండియాలో తుపాకీ లైసెన్స్ కావాలంటే కారణం రాసివ్వాలి. ప్రాణహాని ఉందనో, అడవిపందులు పంట మేసేస్తున్నాయనో చెప్పుకుంటే పోలీసులొచ్చి ఎంక్వైరీ చేస్తారు, అంతా అయ్యాక కూడా కలెక్టరో కమిషనరో ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో షాపుకెళ్లి ఫారం 4473 నింపితే నేరచరిత్ర ఉందా అని చెక్ చేస్తారు గానీ నీకెందుకయ్యా గన్ అని మాత్రం ఎవ్వరూ అడగరు. న్యూయార్క్ లాంటి కొన్ని చోట్ల బయట గన్ పెట్టుకుని తిరగాలంటే సరైన కారణం చూపించాలనే రూల్ వందేళ్లకు పైగా ఉండేది, 2022లో బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కూడా కొట్టేసింది. అంటే కారణం పూర్తిగా మనిషి సొంత విషయం అయిపోయింది, కాబట్టి అది నిలబడే కారణమా కాదా అనేది ఇంట్లోవాళ్లే కూర్చుని తేల్చుకోవాలి. మనవాళ్ల ఇళ్లల్లో ఆ పని జరగట్లేదన్నదే నా బాధ.

గన్ ఎందుకు అంటే అమెరికన్లు ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పలేదు. 1999లో సర్వే చేస్తే సగం మంది వేట కోసం అన్నారు, రక్షణ కోసం అన్నవాళ్లు 26 శాతమే. 2023లో ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ వాళ్లు అడిగితే 72 శాతం మంది రక్షణ ఒక ముఖ్య కారణం అన్నారు, వేట అన్నవాళ్లు 32 శాతమే. ఈ మధ్యలో నేరాలు పెరిగాయా అంటే అదీ లేదు, 1990ల మొదట్లో ఉన్నదానికంటే ఇప్పుడు చాలా తగ్గాయి. పెరిగింది భయం. కోవిడ్ టైంలో అయితే జీవితంలో మొదటిసారి గన్ కొన్నవాళ్లు లక్షల్లో ఉన్నారు, వాళ్లలో సగం మంది ఆడవాళ్లు, తెల్లవాళ్లు కానివాళ్లు కూడా దాదాపు సగం.

మనవాళ్ల భయాన్ని నేను తీసిపారెయ్యను. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేతాలో ఒక బార్‌లో మా దేశం నుంచి పొండి అని అరుస్తూ ఒకడు కాల్చితే మన తెలుగు ఇంజనీరు చనిపోయాడు. 2023 మేలో టెక్సస్ ఆలెన్ మాల్‌లో ఎనిమిది మంది పోతే వాళ్లలో హైదరాబాద్ నుంచి వెళ్లిన అమ్మాయి ఉంది. గ్యాస్ స్టేషన్లలో నైట్ షిఫ్ట్ చేస్తూ దోపిడీల్లో ప్రాణాలు పోగొట్టుకున్న మన పిల్లల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఇంకోటి, 2011 నుంచి 2014 దాకా ఒక ముఠా జార్జియా, న్యూయార్క్, మిషిగన్, టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో ఇండియన్ల ఇళ్లు, ఏషియన్ల ఇళ్లు వెతికి మరీ బంగారం కోసం దూరింది, పిల్లల ముందే పెద్దవాళ్లని కట్టేసి దోచుకున్నారు, ఆ ముఠాని నడిపినామెకి 2019లో 37 ఏళ్ల జైలు పడింది. పెళ్లి నగలు ఇంట్లో పెట్టుకునే కుటుంబానికి ఇలాంటివి విన్నాక నిద్ర పట్టదు, పోలీసులు వచ్చేలోపు మా పరిస్థితేంటి అని అడగడంలో తప్పు లేదు.

వీసా మీద ఉన్నవాళ్ల సంగతి ఇంకా వేరు. F-1 (చదువు), H-1B (ఉద్యోగం) లాంటి వీసాల మీద వచ్చినవాళ్లు గన్ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, కొన్ని మినహాయింపులు తప్ప, వాటిలో అందరూ వాడేది హంటింగ్ లైసెన్స్. చాలా రాష్ట్రాల్లో ఆ లైసెన్స్ పెద్ద ఖర్చు లేకుండా వస్తుంది. దాంతో జీవితంలో పిట్టని కూడా కొట్టని కుర్రాళ్లు వేటగాళ్లుగా పేరు రాయించుకుని గన్ తెచ్చుకుంటున్నారు. నేర్పేవాళ్లు లేరు, రూమ్‌లో నలుగురైదుగురు ఉంటారు, సేఫ్ ఉండదు. 2024లో జార్జియాలో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక స్టూడెంట్ తన గన్నే క్లీన్ చేసుకుంటుంటే పేలి చనిపోయాడు, ఆ వార్త చదివాక ఆ తల్లిదండ్రుల గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాను.

సరే, గన్ నిజంగా కాపాడుతుందా? కొన్నిసార్లు కాపాడుతుంది, అందులో డౌట్ లేదు. ఎన్నిసార్లు అన్నదాని మీదే గొడవంతా, ఏడాదికి 25 లక్షల సార్లు అని 1995లో ఒక స్టడీ లెక్కేసింది, ప్రభుత్వం చేసే నేర బాధితుల సర్వే ప్రకారమైతే లక్ష కూడా దాటదు. కానీ చావుల లెక్కలో అంత గొడవ లేదు. 2023లో అమెరికాలో తుపాకీ వల్ల దాదాపు 46,700 మంది చనిపోయారు, వాళ్లలో సుమారు 27,300 మంది ఆత్మహత్య చేసుకున్నవాళ్లు. అంటే తుపాకీ చావుల్లో ఎక్కువ, మనిషి తన ప్రాణం తనే తీసుకున్నవే. కాలిఫోర్నియాలో 2.6 కోట్ల మందిని పన్నెండేళ్లు ట్రాక్ చేసిన స్టడీ 2020లో వచ్చింది, హ్యాండ్‌గన్ ఉన్న మగవాళ్లు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే రేటు లేనివాళ్లకంటే దాదాపు 8 రెట్లు, ఆడవాళ్లలో 35 రెట్లు. చావాలనుకున్నవాళ్లే గన్ కొంటారేమో అని వెంటనే అడుగుతారు, కొందరు అలా కొంటారు కూడా, కానీ ఆ చావుల్లో సగానికి పైగా కొన్న ఏడాది తర్వాతే జరిగాయి.

ఇది మన ఇళ్లకి ఎందుకు తగులుతుందంటే, లేఆఫ్ అయితే H-1B వాళ్లకి ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి మామూలుగా దొరికేది 60 రోజులే, హౌస్ లోన్ ఉంటుంది, ఊళ్లో అమ్మానాన్నలకి చెప్పుకోలేరు, కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే నలుగురూ ఏమనుకుంటారో అని మనలో మనమే నలిగిపోతాం. అలాంటి ఒక చెడ్డ రాత్రి ఏ ఇంటికైనా రావచ్చు. గన్ లేకుండా ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లలో ఎక్కువమంది బతుకుతారు, బతికినవాళ్లలో అత్యధికులు ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. గన్ అయితే పదిమందిలో తొమ్మిదిమందికి ఆ రెండో అవకాశం ఉండదు.

ఇక భార్యల సంగతి అసలు ఎవరూ మాట్లాడరు. కొనేది ఎక్కువగా మగవాళ్లే, ఫ్యామిలీ కోసం అనే చెప్తారు. అదే కాలిఫోర్నియా టీం 2022లో ఇంకో స్టడీ చేసింది, తాము కొనకపోయినా గన్ ఉన్న మనిషితో ఒకే ఇంట్లో ఉండేవాళ్లు భర్త చేతిలోనో పార్ట్‌నర్ చేతిలోనో కాల్పులకు గురై చనిపోయే రేటు ఏడు రెట్లు ఎక్కువని తేలింది, అలా పోయినవాళ్లలో 84 శాతం ఆడవాళ్లు. డిపెండెంట్ వీసా మీద, కారు కూడా లేకుండా, గొడవైతే వెళ్లడానికి పుట్టిల్లు దగ్గర్లో లేని అమ్మాయి ఉన్న ఇంట్లోకి గన్ వస్తోందంటే ఆమెని అడిగారా? అడిగితే వద్దు అని చెప్పే వీలు ఆమెకుందా?

ఇదంతా చదివాక కూడా కొనాలనుకునేవాళ్లు కొంటారు, 2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇంట్లో ఆత్మరక్షణకి గన్ పెట్టుకోవడం హక్కేనని చెప్పింది, గ్రీన్ కార్డ్ వచ్చాక ఆపేవాళ్లు కూడా లేరు. అలాంటప్పుడు ముందు లాక్ అయ్యే సేఫ్ కొనండి, తర్వాత గన్. బులెట్లు వేరే చోట పెట్టండి. పిల్లలకి కోడ్ తెలీదనే నమ్మకంతో ఉండొద్దు, లోడ్ చేసి తాళం కూడా వెయ్యని గన్ ఉన్న ఇళ్లల్లో 46 లక్షల మంది పిల్లలు ఉన్నారని 2021 సర్వే అంచనా. ఇంట్లో ఎవరికైనా ఉద్యోగం పోయినా, విడాకుల గొడవ నడుస్తున్నా, మనిషి మాట్లాడ్డం తగ్గించినా ఆ కొన్ని నెలలు గన్‌ని ఇంట్లోంచి తీసేయండి, చాలాచోట్ల గన్ షాపులూ పోలీస్ స్టేషన్లూ తాత్కాలికంగా దాచిపెడతాయి, మీ రాష్ట్రం రూల్స్ ఏంటో ముందే కనుక్కుని ఉంచుకోండి. ఆత్మహత్య ఆలోచనలొస్తే మాట్లాడే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేస్తే రాత్రయినా పగలయినా మాట్లాడే మనిషి ఉంటారు. పిల్లల్ని స్లీపోవర్‌కి, అంటే ఫ్రెండ్ ఇంట్లో రాత్రి పడుకోవడానికి పంపేముందు నట్ ఎలర్జీ గురించి చెప్తాం కదా, అదే ఫోన్‌లో మీ ఇంట్లో గన్ ఉందా, ఉంటే లాక్‌లో ఉందా అని కూడా అడగండి, అవతలివాళ్లు మన తెలుగువాళ్లయినా సరే.