మహారాజశ్రీ అట్టపెట్టె గారికి

హన్మకొండ నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరు మూలలు నలగకుండా, అడుగు ఊడకుండా, నూనె కారకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

తమరి పూర్వాశ్రమం నాకు తెలుసు. మా వీధి చివరి కిరాణా కొట్టులో బట్టల సబ్బులు మోసుకుంటూ కాలం గడిపినవారే. దగ్గరికొస్తే ఇప్పటికీ ఆ వాసన పోలేదు. కొట్టతను ఊరికే ఇస్తానన్నా, పిల్లవాడికి పంపేదాన్ని ఊరికే తీసుకోకూడదని మా ఇంటావిడ ముందే చెప్పడంతో పది రూపాయలు అతని చేతిలో పెట్టి, తమరిని చంకన పెట్టుకుని తెచ్చింది నేనే. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి జరుగుతున్న మర్యాదలకు తమరికి కళ్ళు నెత్తికెక్కాయి. హాల్లో దివాన్ తమరిది. కింద చాప మీద కూర్చుని టేపు చింపి అందించే ఉద్యోగం నాది. తమరి నోరు తెరిచి ఉన్నంతసేపు ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు, కిటికీ తీయకూడదు. తమరి పక్కన మంచినీళ్ళ చెంబు పెట్టినందుకు మొన్న నాకు పడిన చీవాట్లు తమరూ విన్నారు.

మా పెద్దవాడు సైన్యంలో చేరిన రోజున తమరి దశ తిరిగింది. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం కిందే చేరాడు. నాలుగేళ్ళ కొలువు, అందులో శిక్షణ కలిసే ఉంటుంది, గడువు తీరాక నూటికి ఇరవై ఐదుగురిని మించి కొనసాగించరు. ఇవన్నీ కాగితం మీద రాసుకుని ఇంట్లో చర్చకు పెడదామని కూర్చున్నాను. మా ఇంటావిడ అడిగిన ప్రశ్న ఒక్కటే. ‘అక్కడ అన్నం పెడతారా, పొద్దూమాపూ రొట్టెలేనా?’ నేను నీళ్ళు నమిలాను. ఆ క్షణం నుంచి వాడి భవిష్యత్తు నా చేతిలోంచి జారి తమరి అడుగున పడింది.

వాడు ఆ కొలువు సంపాదించిన తీరు కూడా వినండి. చలికాలంలో కోడి కూయక ముందే లేచి ఆర్ట్స్ కాలేజీ మైదానానికి పోయేవాడు. వరంగల్ చుట్టుపక్కల పల్లెల పిల్లలు ఎంతమందో అక్కడ అట్లాగే పరుగెత్తుతుంటారు. కిలోమీటరు ఆరు వందల మీటర్లు ఐదున్నర నిమిషాల్లో పూర్తి చేస్తే అరవై మార్కులు, బీమ్ పట్టుకుని పదిసార్లు లేస్తే నలభై, ఆపైన తొమ్మిది అడుగుల గొయ్యి దూకాలి. ఆ ఐదున్నర నిమిషాల కోసం వాడు నూనె మానేశాడు, బెల్లం మానేశాడు, నాయనమ్మ చేసే గరిజెల వంక చూడడం మానేశాడు. అంత కష్టపడి కరిగించిన దాన్ని పాయసం తప్ప మిగతా అన్ని రూపాల్లో మళ్ళీ వాడి ఒంటికి చేర్చే బాధ్యత తమరు నెత్తికెత్తుకున్నారు. పాయసం కారుతుంది కనుక వదిలేశారు.

వాడు ఏ శిక్షణ కేంద్రంలో ఉన్నాడో ఇక్కడ రాయను. దేశ రక్షణకు సంబంధించిన సంగతి. మా వీధిలో కూరగాయలమ్మే ఆమెకూ, పాలు పోసే అతనికీ, భద్రకాళి గుడి దగ్గర పరిచయమైన ఇద్దరు ముగ్గురికీ మాత్రం పిన్‌కోడుతో సహా తెలుసు.

ఇక సకినాల విషయానికి వద్దాం. తమరి మీద నా ప్రధాన అభియోగం ఇదే.

సకినం దూరప్రయాణానికి పుట్టలేదు. బియ్యం నానబెట్టి, పిండి పట్టించి, నువ్వులూ వామూ కలిపి, తడి పిండిని వేళ్ళ మధ్య సన్నగా మెలితిప్పుతూ గుడ్డ మీద చుట్టు చుట్టుగా పోస్తారు. కాస్త ఆరాక నూనెలో వేస్తారు. మా అమ్మ పోసే సకినంలో ఒక చుట్టుకూ ఇంకో చుట్టుకూ మధ్య దారం దూరే సందు ఉంటుంది. ఎనభై దగ్గర పడిన వయసులో ఆమె బొటనవేలు, చూపుడువేలు ఇంకా ఆ లెక్క తప్పవు. కానీ అది బియ్యప్పిండి. జిగి లేదు. పళ్ళెంలోంచి తీసి చేతికిస్తేనే చివర విరుగుతుంది. అలాంటి దాన్ని తమరు కడుపులో పెట్టుకుని కాజీపేట దాటి, రైళ్ళు మారి, లారీల్లో ఎగిరెగిరి పడి, రాష్ట్రం కాని రాష్ట్రానికి మోసుకుపోయి ఏమి అప్పజెప్పారు? పిండి తెచ్చి పిండి ఇచ్చారు. నడుమ మా అమ్మ రెండు రోజుల నడుంనొప్పి ఎక్కడ పోయిందో చెప్పగలరా?

పైగా కిరాయి. సకినంలో గాలి ఎక్కువ, బరువు తక్కువ. బరువును బట్టే కదా డబ్బులు అని నేను ధీమాగా పోయాను. పెట్టె పెద్దదైతే పొడవూ వెడల్పూ ఎత్తూ గుణించి దానికీ బరువు కడతారని కౌంటరు దగ్గర తెలిసింది. తమరి పొట్ట చుట్టూ టేపు పట్టి కొలుస్తుంటే తమరు గర్వంగా నిలబడ్డారు. మేము పంపిన సకినాలకు ఒక కిరాయి, వాటి మధ్య ఉన్న హన్మకొండ గాలికి ఇంకో కిరాయి కట్టాను.

‘లోపల ఏమున్నాయి?’ అని అడిగాడు అక్కడి గుమాస్తా. నేను నోరు తెరిచేలోగా నా వెనక నిలబడ్డ మా అమ్మ ‘బంగారం’ అంది. వరుసలో ఉన్నవాళ్ళంతా తమరి వంక చూశారు. అతను ఈ జిల్లా మనిషే కాబట్టి తల ఎత్తకుండా ‘మేడారానిదా? ఎంత, కిలోనా?’ అని రాసుకున్నాడు. మేడారంలో బంగారమంటే బెల్లమే. సమ్మక్క సారలమ్మలకు మొక్కిన ఆ బెల్లం తమరి ఎడమ మూలలో, మామిడికాయ తొక్కు కుడి మూలలో, నడుమ సత్తుపిండి ముద్దలు. తలనూనె సీసాను, సెంటు డబ్బాను, ఫోనుకు పెట్టుకునే పవర్ బ్యాంకును అతను తీసి బల్ల మీద పెట్టాడు. కారేవీ, మండేవీ, బ్యాటరీ ఉన్నవీ కుదరవన్నాడు. ‘మరి తొక్కు?’ అని మా ఇంటావిడ. ‘మూత గట్టిదేనా అమ్మా?’ అని అతను. ‘గట్టిదే’ అంది ఆవిడ. అబద్ధం చెప్పలేదు. మూత గట్టిదే. తమరే గట్టివారు కారు.

ఆ తొక్కులో వేసింది చపాట కారం. మన వరంగల్ చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. ఆ ఎరుపు ఎంత ఎక్కువో తెలియాలంటే చిరునామా రాసిన తెల్లగుడ్డ మీద పడాలి. మా అమ్మ పాత పద్ధతి మనిషి. పార్శిల్ అంటే తెల్లగుడ్డ చుట్టి, దబ్బనంతో పురికొస కుట్టి పంపాల్సిందే. ఆ గుడ్డ మీద నేను మార్కరు పెన్నుతో గుండ్రంగా రాశాను. ముందు వాడి ఆర్మీ నంబరు, తర్వాత పేరు, ప్లటూను, కంపెనీ, బెటాలియన్, ఆపైన కేంద్రం. సైన్యంలో పేరుకు పెద్ద విలువ లేదు. కుమార్ అని పిలిస్తే పది మంది వెనక్కి తిరుగుతారు. నంబరుంటేనే మనిషి, కంపెనీ ఉంటేనే ఇల్లు. తమరు సరిగ్గా ఆ కంపెనీ మీదే నూనె కక్కారు. దానివల్ల తమరు ఆ ఆవరణలో గుమ్మం గుమ్మం తిరిగి చివరకు వాసనను బట్టి తెలుగువాడి గది ఏదో వెతుక్కున్నారట.

అక్కడ ప్రతి పెట్టెనూ శిక్షణ ఇచ్చే ఉస్తాద్ ఎదుటే విప్పాలట. అది న్యాయమే. నల్ల ట్రంకు పెట్టెలో సామాను వరుస తప్పకుండా సర్దుకోవాల్సిన చోట, మంచం కింద బెల్లం దాచుకుంటే చీమలకు కవాతు నేర్పినట్టవుతుంది. విప్పాక ఏమైందన్నది ఆదివారం దాకా మాకు తెలియలేదు. ఫోను వాళ్ళ చేతికి ఆ ఒక్క పూటే ఇస్తారు. స్పీకరు పెట్టి నలుగురం చుట్టూ చేరాం.

‘సకినాలు ఎట్లా ఉన్నాయి బిడ్డా?’ అంది మా ఇంటావిడ.

‘బాగున్నాయట అమ్మా.’

‘అట ఏమిటి?’ అంది మా అమ్మ.

వాడు నసిగాడు. ఉస్తాద్ రెండు తీసుకుని మంచి మాట అన్నాడట. పక్క మంచం హర్యానా అబ్బాయి ఇవి జిలేబీలేమో, పాకంలో ముంచడం మరిచిపోయారేమో అనుకుని ఆరు తిన్నాడట. తన వంతు వచ్చేసరికి అడుగున పొడి మిగిలితే దాన్ని చాయ్‌లో కలుపుకుని తాగాడట. ఇది విని ఏ ఇల్లయినా ఏమి చేస్తుంది? సకినాలు పంపడం మానేస్తుంది. మా ఇంట్లో మాత్రం ‘మీ గదిలో మొత్తం ఎంతమందిరా?’ అన్న ప్రశ్న పుట్టింది. వాడు నలభై అన్నాడు. మా అమ్మ అక్కడికక్కడే బియ్యం లెక్క మొదలుపెట్టింది. ఫోను పెట్టేలోగా తమరికి ఇంతకంటే పెద్ద అన్నగారిని వెతికే పని నాకు పడింది. భారత సైన్యంలో ఒక గది మొత్తానికి ఫలహారాల సరఫరా హన్మకొండలోని ఒక వంటింటికి దఖలు పడినట్టు రక్షణ శాఖకు తెలుసో లేదో!

తమరిని కట్టకముందు వాడు అడిగినవి వేరు. నల్ల సాక్సులు, మడమల మీద బొబ్బలకు అంటించుకునే పట్టీలు, బూటు పాలిష్, దారం, సూది. కొత్త బూట్లు కాలికి అలవాటు పడేదాకా మడమ తోలు ఊడుతూనే ఉంటుందట. ఇది చెప్పేటప్పుడు వాడి గొంతు సకినాల గురించి చెప్పినప్పటి కంటే నిజంగా ఉంది. సాక్సులు కొన్నాం, పంపాం కూడా. కానీ ఎట్లా? ఒక్కో సాక్సులో ఒక్కో వరుస పల్లీ పట్టీలు కూరి, సకినాల మధ్య మెత్తగా ఉంటాయని అడ్డం పెట్టింది మా ఇంటావిడ. తమరి మొత్తం జీవితంలో చేసిన ఒకే ఒక్క పనికొచ్చే మోత ఆ సాక్సులు. వాటినీ తమరు సకినాలకు పరుపుగా వాడుకున్నారు.

ఇంకొకటి కూడా తమరు మోశారు, తమరికి తెలియకుండానే. అడుగున పాత పేపరు కింద నేనొక ఇన్‌లాండ్ లెటర్ పెట్టాను. రెండున్నర రూపాయలది. అందులో విశేషమేమీ లేదు. ఇంటి ముందు మోరీ బాగు చేశారని, పక్కింటి తాత కళ్ళ ఆపరేషన్ అయిందని, తమ్ముడు లెక్కల్లో పాసయ్యాడని రాశాను. ఎవరికీ పంచాల్సిన పని లేకుండా వాడికి పూర్తిగా దక్కింది అదొక్కటే. మిగిలినవాళ్ళకు తెలుగు రాదు కదా. దాన్ని తపాలా డబ్బాలో వేస్తే తమరి ప్రమేయం లేకుండానే చేరేది. ఈ మాట ఇంట్లో అన్నాను. ‘ఉత్తరం తింటాడా?’ అన్నారు ఇద్దరూ ఒకేసారి. అత్తాకోడళ్ళు ఏకాభిప్రాయానికి రావడం నేను చూడగా అదే మొదలు. ఆ పుణ్యం మాత్రం తమరిదే. కాదనను.

శిక్షణ అయిపోతే తమరి పీడ విరగడవుతుందనుకున్నాను. వాకబు చేస్తే తమరి అసలు రాజయోగం అప్పుడే మొదలవుతుందని తెలిసింది. యూనిట్‌కు పోయాక చిరునామాలో ఊరు ఉండదట. కేరాఫ్ 56 ఏపీఓ, లేదా 99 ఏపీఓ. ఏపీఓ అంటే సైన్యం వారి పోస్టాఫీసు. మొదటిది ఢిల్లీ మీదుగా, రెండోది కోల్‌కతా మీదుగా పోతుంది. పిన్‌కోడు తొమ్మిదితో మొదలవుతుంది. మాది 506001, ఎవరికైనా చూపించి ఇదిగో మా హన్మకొండ అనవచ్చు. ఆ తొమ్మిది పటంలో ఎక్కడా దొరకదు. మంచు కొండో, ఎడారో, ఏటి ఒడ్డో బయటికి తెలియకూడదనే ఆ ఏర్పాటు. 1972 మార్చి 1న ఆర్మీ పోస్టల్ సర్వీసు విడి దళంగా ఏర్పడింది. మనందరికీ పిన్‌కోడు వచ్చింది అదే ఏడాది ఆగస్టు 15న. అప్పటి నుంచి తమరి జాతివాళ్ళు ఎందరో ఆ నంబర్ల వెంట పోయి, సిపాయిలు ఎక్కడున్నారో కళ్ళారా చూశారు. రేపు మా వాడు ఎక్కడ కాపలా కాస్తున్నాడో కన్న తండ్రినైన నాకు చెప్పరు. సబ్బుల కొట్టులో పది రూపాయలకు దొరికిన తమరు మాత్రం నేరుగా వాడి మంచం దగ్గరికే పోతారు. ఇది నాకు ఏ మాత్రం మింగుడు పడడం లేదు.

కనుక వచ్చే ప్రయాణానికి నా షరతులు ఇవి. తొక్కు రాదు. మాగాయ ఎండబెట్టి ముక్కలుగా ఇస్తాం, మోస్తే మోయండి. సాక్సులు పైన ఉంటాయి, వాటిలో ఏమీ కూరరు. సకినాలు స్టీలు డబ్బాలో వస్తాయి, తమరు ఆ డబ్బా బయట ఉండాలి తప్ప లోపలి వ్యవహారాల్లో తలదూర్చకూడదు. ఉత్తరం విడిగా పోస్టులో పోతుంది. చిరునామా ఈసారి రెండు పక్కలా రాస్తాను, మార్కరు మీద టేపు కూడా వేస్తాను. తమరు ఎటువైపు కక్కుకున్నా కంపెనీ పేరు ఒక పక్కనైనా బతుకుతుంది.

ఇట్లు
తమరి మోతగాడు,
హన్మకొండ

తా.క.: మీరు వెళ్ళాక మూడో వారంలో వాడి గదికి బీహార్ నుంచి తమరి వంటివారే ఒకరు ఠేకువాలతో వచ్చారట. ఒక్కటీ విరగలేదట. గోధుమపిండీ బెల్లమూ కాబట్టి విరగవని నేను సర్దిచెప్పబోయాను. మా అమ్మ వినలేదు. ఆ తల్లి ఎట్లా కట్టిందో కనుక్కోమంటోంది. ఆమెకు కిలో సకినాలు పంపి మరీ అడగాలట. బీహార్ చిరునామా వాడు వచ్చే ఆదివారం చెబుతాడు. తమరు సిద్ధంగా ఉండగలరు.