‘అందినది అందినట్టు’ అని పెడితే తప్పించుకోలేరు

ఈ వారంలో నాలుగోసారి వచ్చిందీ మెసేజ్: “ఎవరైనా తిడితే పరువు నష్టం కింద స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ పెట్టండి. పేరు రాయకపోతే కేసు నిలవదు. నిజమైతే భయమే లేదు. ‘అందినది అందినట్టు’ అని ఫార్వర్డ్ చేస్తే మనకు బాధ్యత లేదు.”

ఎఫ్ఐఆర్ ఉండదు. బాధితుడే మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. దాన్ని పోలీసులకు పంపి ఎఫ్ఐఆర్ కట్టించే దారి లేదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది.

ఒంటరిగా ఉన్నప్పుడు మొహం మీదే తిడితే అది అవమానం. పరువు నష్టం కావాలంటే మాట మూడో మనిషికి చేరాలి.

ఇక అసలు కొంప ముంచేది మెసేజ్‌లోని ఆ చివరి మాట, ‘ఫార్వర్డ్ చేస్తే బాధ్యత లేదు’ అన్నది. కాలనీ గ్రూపులో ఒకరు పెట్టారనుకోండి: “గుడి పక్క మెడికల్ షాపులో గడువు తీరిన మందులు అమ్ముతున్నారు.” పేరు లేదు. కానీ గుడి పక్కన ఉన్నది ఒక్కటే షాపు, ఎవరిదో కాలనీ అంతటికీ తెలుసు. చదివినవాళ్లు గుర్తుపడితే చాలు. అది అబద్ధమైతే, మీరు ఇంకో మూడు గ్రూపులకు పంపడంతో దాన్ని మూడుసార్లు ప్రచురించినట్టే. బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 356 ఆరోపణ చేసినవాణ్నే కాదు, ప్రచురించినవాణ్ని కూడా పట్టుకుంటుంది. చెడ్డ ఉద్దేశం లేదంటారా? పరువు పోతుందని నమ్మడానికి కారణం ఉన్నా సరిపోతుంది. ‘అందినది అందినట్టు’ అనే ఆ రెండు పదాల మంత్రం ఏ సెక్షన్లో చదివారో కాస్త చూపించండి! శిక్ష రెండేళ్ల వరకూ సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ నొక్కినా అప్పటికే చదివినవాళ్లు చదివేశారు, స్క్రీన్‌షాట్ తీసినవాళ్లు తీసేశారు.

నిజమైతే భయం లేదన్నది సగమే నిజం. సివిల్ దావాలో రుజువైన నిజం పూర్తి రక్షణ. క్రిమినల్ కేసులో నిజంతో పాటు అది ప్రజల మేలు కోసమేనని కూడా చూపాలి. పక్కింటివాళ్ల విడాకుల సంగతి నిజమే కావచ్చు, అందులో ప్రజలకు మేలేమిటి?

ఒకటి ఒప్పుకుంటాను. ఈ గందరగోళంలో తప్పంతా మెసేజ్‌ది కాదు, మన మాటది కూడా. ‘నష్టం’ అనగానే డబ్బు పోవాలనుకుంటాం, కానీ నేరానికి రూపాయి లెక్క అక్కర్లేదు. ‘దావా’ అంటే పరిహారం కోసం వేసే సివిల్ వ్యాజ్యం. పేపర్లేమో క్రిమినల్ ఫిర్యాదునూ ‘పరువు నష్టం దావా’ అనే రాస్తాయి. మనకు ‘పరువు తీయడం’ అనే చక్కటి మాట ఉంది, నేరాన్ని ఆ మాటతోనే చెప్పొచ్చు.

మీ పరువే తీస్తే తేదీ, పంపిన నంబరు, గ్రూపు పేరు కనపడేలా స్క్రీన్‌షాట్లు తీయండి, ఆ ఫోన్ భద్రంగా ఉంచండి. కోర్టులో వాటికి కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. సివిల్ దావాకు గడువు ప్రచురించిన రోజు నుంచి ఏడాదే.