పాలు తాగితే ఎండీసీ విషం విరగదు

మందుల తయారీలో వాడే ఎండీసీ అనే ద్రావకానికి నిప్పంటుకోదు కాబట్టి సేఫ్, వాసన అలవాటైతే ఒళ్ళూ అలవాటు పడుతుంది, మాస్క్ పెట్టుకుని షిఫ్ట్ అయ్యాక పాలు, బెల్లం తీసుకుంటే చాలు. మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళ ఫోన్లలో తిరుగుతున్న మాట ఇది. నమ్మకండి.

ఎండీసీ, అంటే మెథిలీన్ క్లోరైడ్, సులువుగా అంటుకోదన్నది నిజమే. కానీ అది 40 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మన మే నెల ఎండ చాలు. దాని ఆవిరి గాలి కంటే దాదాపు మూడు రెట్లు బరువు కాబట్టి రియాక్టర్ (రసాయనాలు కలిపే పెద్ద ట్యాంకు) అడుగున, గుంటల్లో పేరుకుపోతుంది. కడగడానికి దిగిన మనిషి స్పృహ తప్పితే, కాపాడబోయి దిగినవాడూ అక్కడే పడిపోవచ్చు.

ఇక వాసన. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధన ప్రకారం 8 గంటల షిఫ్ట్‌కి సగటు పరిమితి గాలిలో పది లక్షలకు 25 వంతులు. ముక్కుకి తెలిసేది సుమారు 200 దాటాకే. వాసన వచ్చిందంటే అప్పటికే పరిమితికి ఎన్నో రెట్లు పీల్చేస్తున్నట్టు. కాసేపటికి ఆ వాసన కూడా తెలియదు. దాన్నే మనం అలవాటు అంటున్నాం. అలసిపోయింది ముక్కు, ఒళ్ళు కాదు.

పాల సంగతి చెబితే చాలామందికి కోపం వస్తుంది, తరతరాల నమ్మకం కదా. పాలు పోయేది కడుపులోకి. ఆవిరి ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. అక్కడితో ఆగదు. లివర్ దాన్ని కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే ప్రాణం తీసే వాయువు అదే. అది రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. ఒంట్లో కొవ్వులో దాగిన ఎండీసీ మెల్లగా బయటికొస్తుంది కాబట్టి ఇంటికెళ్ళాక కూడా కార్బన్ మోనాక్సైడ్ తయారవుతూనే ఉంటుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ఇది మరీ ప్రమాదం. క్యాన్సర్ కలిగించే అవకాశం గట్టిగా ఉన్న పదార్థాల జాబితాలో కూడా ఎండీసీని చేర్చారు.

గుడ్డ మాస్క్ ఆవిరిని ఆపదు. ఫిల్టర్ డబ్బా ఉండే కార్ట్రిడ్జ్ మాస్క్‌ని కూడా ఎండీసీ త్వరగా దాటేస్తుంది, అందుకే బయటి నుంచి పైపుతో గాలి అందే మాస్క్ అడగాలి. మామూలు రబ్బరు గ్లవ్స్‌లోంచి కూడా నిమిషాల్లో దూరుతుంది.

షిఫ్ట్‌లో తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుంటే వెంటనే బయటి గాలిలోకి వచ్చేయండి. డాక్టరుకి ఎండీసీ పేరు చెప్పండి, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత చేరిందో చెప్పే కార్బాక్సీ హిమోగ్లోబిన్ రక్తపరీక్ష అడగండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 98 కనిపించిందని ధైర్యపడొద్దు. అది ఆక్సిజన్‌కీ కార్బన్ మోనాక్సైడ్‌కీ తేడా కనిపెట్టలేదు.